పదిహేడో బోల్టు

ఆయన పోయిన సంగతి నాకు చెప్పినవాడు, కదిరిలో ఒకప్పుడు నా అధికారం కింద పనిచేసిన ఉపాధ్యాయుడు. వానలు పడని సంగతీ, వేరుశనగ మొలకెత్తని సంగతీ వివరంగా చెబుతూ, నడుమ ఒక్క వాక్యంలో దాన్ని కూడా ముగించాడు. "అనంతపురం రోడ్డులో బండ్ల షెడ్డు పెట్టుకోనుండె చూడండి సార్, ఆయప్ప పోయినాడు" అన్నాడు. తరువాత మళ్ళీ వేరుశనగ దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. నేను చెప్పబోయేదానిలో నా దోషం కొంత ఉంది. నా దోషాన్ని ఒప్పుకోవడానికి మరొకరి పేరును వీధిలోకి లాగడం మర్యాద కాదు. ఆ రోజుల్లో ఆయనను నేను "నువ్వు" అనే పిలిచేవాణ్ణి. ఇప్పుడు కలం పట్టుకుంటే "ఆయన" అనే మాట తప్ప మరొకటి రావడం లేదు.

అవి డెబ్బయ్యవ దశకం చివరి సంవత్సరాలు. పాఠశాలల తనిఖీ అధికారిగా నేను కదిరికి వచ్చాను. చుట్టుపక్కల పల్లెలకు బస్సు వెళ్ళే దారులు తక్కువ, నడవవలసిన దారులు ఎక్కువ. అందువల్ల మోటారు సైకిల్ నాకు విలాసం కాదు, ఉద్యోగంలో భాగం. ఆ ప్రాంతం మొత్తం మీద మోటారు సైకిళ్ళు ఉన్నవారు కొద్దిమందే. వారందరూ ఏదో ఒకనాటికి ఆయన రేకుల షెడ్డు ముందు ఆగవలసినవారే.

పొడవాటి మనిషి. నడుము దగ్గర కొద్దిగా వంగి ఉండేవాడు. ఆ వంపు ధర్మవరం మగ్గం ఇచ్చినది. పట్టుచీరలు నేసే ఇంట పుట్టి, గుంటలో కాళ్ళు పెట్టుకుని ఎన్నో ఏళ్ళు నేసి, ఒకనాడు మగ్గం దిగి ఇనుము దగ్గరికి వచ్చాడు. ఎందుకు వచ్చావని ఒకసారి అడిగాను.

"దారం తెగితే ముడేస్తాం సార్. ఇనుము తెగితే ముడి పడదు. అందుకే దీనికి ఇంకా జాగ్రత్త కావాలనిపించింది" అన్నాడు.

మగ్గం ఆయన వేళ్ళను మాత్రం వదిలిపెట్టలేదు. ఏ బోల్టు చేతికి వచ్చినా, ముందుగా దాని మరచుట్ల మీద బొటనవేలి గోరును పైనుంచి కిందికి నడిపించేవాడు. పోగులు లెక్కపెట్టుకునే నేతగాడి అలవాటది. గోరు ఎక్కడైనా తడబడితే ఆ బోల్టు పక్కకు వెళ్ళిపోయేది. బిగించేటప్పుడు మొదటి చుట్లన్నీ చూస్తూ తిప్పేవాడు. చివరి చుట్టుకు మాత్రం ముఖం పక్కకు తిప్పి, కళ్ళు మూసుకునేవాడు. "కన్ను అబద్ధం చెప్తాది సార్, మణికట్టు చెప్పదు" అనేవాడు.

పానాలన్నిటినీ ఒక గోనెపట్టా మీద చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా పరిచేవాడు. వాడినదాన్ని తుడిచి మళ్ళీ దాని స్థానంలోనే ఉంచేవాడు. ఆ వరుసను చూసినందువల్లనే నాకు ఆయన మీద మొదట గౌరవం కలిగింది. ఆ పట్టాను ఎవరూ దాటకూడదు. వేరుశనగ కాయల వ్యాపారం చేసే ఒక బ్రోకరు ఒకనాడు తెలియక దాటాడు.

"ఏమప్పా, పండుకున్న బిడ్డను దాటినట్ల దాటుతాండావే!"

"దాటితే నీ పానా పెరక్కుండా పోతాదా?" అని బ్రోకరు ఎగతాళి చేశాడు.

"పెరిగినా నీ కడుపంత కాదులే. ఇట్ల వెనక్కి దాటు."

బ్రోకరు నవ్వుతూనే, అయినా నిజంగానే, వెనక్కి దాటాడు.

ఎవరు వచ్చినా ముందు కుండలోని నీళ్ళు ముంచి ఇచ్చేవాడు. నీటికోసం మనుషులు మైళ్ళు నడిచే ఆ వేసవులలో కూడా ఈ పద్ధతి మారలేదు. నీళ్ళు తాగకుండా బండి సంగతి మొదలుపెడితే వినేవాడు కాదు. "ముందు మీరు, తర్వాత అది" అని బండి వైపు గడ్డంతో చూపేవాడు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఆ ప్రాంతంలో ఒక ఆచారం ఉండేది. కొత్త బండి కొన్నవారు దాన్ని గుడి ముందుకు తీసుకువెళ్ళి పూజ చేయించేలోగా, పైకి కనిపించే నల్లని బోల్టులన్నిటినీ తీయించి, తెల్లగా మెరిసేవి వేయించేవారు. నల్లని ఇనుము శనికి నెలవనీ, పూజనాడు అది బండి ఒంటిమీద ఉండరాదనీ ఇళ్ళలోని పెద్దల పట్టుదల. దీన్ని బండికి నగలు పెట్టడమనేవారు. ఆయన ఆ నగలను బెంగుళూరు బజారు నుంచి తెప్పించేవాడు. కంపెనీ బోల్టుల నలుపు అందచందాలు తెలియనివారు పూసిన రంగు కాదు. ఉక్కును కాల్చి, నూనెలో ముంచి గట్టిపరచినందువల్ల వచ్చిన నలుపు. తెల్లది మెత్తని ఇనుముకు వేసిన మెరుగు. ఈ భేదం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయనకు కూడా అప్పట్లో పూర్తిగా తెలియదు. తెలిసింది ఒక్క నిషేధం మాత్రమే.

నేను కొత్త బండి కొన్న సంవత్సరం, దసరాకు మూడు రోజుల ముందు, మా అమ్మగారి మాట కాదనలేక దాన్ని షెడ్డుకు తీసుకువెళ్ళాను. ఆయన మధ్యాహ్నం వరకు కూర్చుని నల్లవన్నీ తీసి తెల్లవి వేశాడు. తీసినవాటిని చిన్న గుడ్డలో మూటకట్టి నా చేతికిచ్చాడు. నేను బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. ముందు చక్రం దగ్గర ఒక్కటి నల్లగానే మిగిలి ఉంది.

"దీన్ని ఎందుకు వదిలావు?"

"అదుండనీండి సార్."

"కారణం చెప్పు."

"మా గురువు తియ్యొద్దన్న్యాడు సార్. గుంతకల్లులో నాకు పని నేర్పించిన ముసలాయన. ముందు బ్రేకు బోల్టుకు కంపెనీదే ఉండాలని చేతిలో చెయ్యేయించుకున్యాడు."

"ఎందుకని నువ్వు అడగలేదా?"

"అడగల్యా సార్. ఆయన చెప్పినాడు, నేను ఇన్న్యా."

ఆ బోల్టు పనిని పాఠకులకు ఇక్కడే చెప్పడం మంచిది. ముందు చక్రం నడుమ బ్రేకు ఉన్న ఇనుప డబ్బాకు ఒక మూత ఉంటుంది. చక్రం తిరిగినా ఆ మూత తిరగకూడదు. దాన్ని కదలకుండా బండికి పట్టి ఉంచే కమ్మి, ఆ ఒక్క బోల్టు మీద ఆధారపడి ఉంటుంది. చేతి బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు బండి బరువు, మనిషి బరువు, వేగం అన్నీ వచ్చి దాని మీదనే పడతాయి. అది తెగితే మూత చక్రంతో పాటు తిరిగి, చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. పైన ఉన్న మనిషి ముందుకు ఎగిరిపడతాడు.

ఆనాడు నాకు ఇదేమీ తెలియదు. తెలియని సంగతిని అధికారంతో మాట్లాడడం మాత్రం తెలుసు.

"కారణం తెలియని నియమం నియమం కాదు, ఉట్టి భయం. ఇన్ని తెల్లవాటి నడుమ ఒక్క నల్లది, తప్పు దిద్దని పలకలాగా ఉంది. తీసెయ్యి" అన్నాను.

ఆయన పానాను గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాడు. తుడవవలసినదానికన్నా చాలాసేపు తుడిచాడు. పక్కన బల్ల మీద ధర్మవరం పట్టు వర్తకుడొకడు తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. అతనికి నవ్వు వచ్చింది.

"ఏమప్పా, ఇన్‌స్పెక్టర్ సారుకే పాఠం చెప్తాండావా? తీ, తీ. సారుది తీసినాక నాదీ తియ్యల్ల. మా తమ్మునికి కొత్త బండి తెచ్చినా. ఒక్క నల్లది కనపడినా మా యమ్మ గుడి మెట్టు తొక్కనియ్యదు."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఆ బోల్టును విప్పాడు. తెల్లదాన్ని పెట్టి బిగించాడు. చివరి చుట్టు బిగించేటప్పుడు ఆ రోజు ఆయన కళ్ళు మూసుకోలేదు. మొదటి నుంచి చివరి దాకా దాన్నే చూస్తూ బిగించాడు.

ఆ తరువాత షెడ్డుకు వచ్చిన ప్రతివారికీ నా పేరు ఒక అనుమతి పత్రమైంది. "ఇన్‌స్పెక్టర్ సారే తీయించుకున్యాడు, నాకేంటికి ఉంచుతావు?" అనేవారు. ఆయన నియమం దసరాకు ఒకసారి సడలి, ఉగాది నాటికి లేకుండానే పోయింది.

ఉగాది వెళ్ళిన తరువాత, మిట్టమధ్యాహ్నం వేళ, ఆయన మా ఇంటికి వచ్చాడు. సైకిల్‌ను గేటుకు ఆనించలేదు, కింద పడేశాడు. వస్తువును పడేయడం ఆయన స్వభావం కాదు. నమస్కారం పెట్టలేదు. నేరుగా వరండాలో ఉన్న నా బండి దగ్గరికి వెళ్ళి, జేబులోంచి పానా తీసి, ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు. నేను చదువుతున్న కాగితాలు పక్కన పెట్టి లేచాను.

"ఏమిటిది? నేను పిలిపించలేదే!"

ఆయన తల ఎత్తలేదు. తెల్ల బోల్టు విప్పి, మరో జేబులోంచి నల్లదాన్ని తీసి పెట్టి, కళ్ళు మూసుకుని బిగించాడు. అప్పుడు లేచి నిలబడ్డాడు. అరచేతిని నా ముందు చాపాడు. అందులో ఒక తెల్ల బోల్టు తలకాయ మాత్రం ఉంది. మొండెం లేదు. తెగిన చోట ఇనుము బూడిదరంగులో, ఎండిన రొట్టెను తుంచినట్లుగా ఉంది.

"ఆ పట్టు సావుకారి తమ్ముడు, సార్. ధర్మవరం దావలో గుట్ట దిగేటప్పుడు గొర్లు అడ్డమొచ్చినాయంట. బ్రేకు పట్టినాడంట."

"ఎలా ఉన్నాడు?"

"లేడు సార్."

మా అమ్మగారు లోపలి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చారు. ప్రతి మనిషికీ నీళ్ళిచ్చే ఆ మనిషి ఆ చెంబును ముట్టుకోలేదు. పడిపోయిన సైకిల్‌ను లేవనెత్తి, దాని దుమ్ము దులిపి, వెళ్ళిపోయాడు. నా బండిని ఆయన మొదట ఎందుకు సరిచేశాడో ఆనాడు నాకు అర్థం కాలేదు. నాదే మొదటిది గనుక, వరుస ప్రకారం వచ్చాడు.

మరునాడు నేనే షెడ్డుకు వెళ్ళాను. డబ్బాలో మిగిలిన తెల్ల బోల్టులను ఒక్కొక్కటే దాగలి ఇనుపదిమ్మ మీద పెట్టి సుత్తితో కొడుతున్నాడు. మరలు చచ్చి, మళ్ళీ ఏ నట్టుకూ ఎక్కడానికి వీలులేనంతగా చదును అయ్యేదాకా కొట్టి పక్కన పడేస్తున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"సార్, మీకు రాత ఉండాది. నేను చెప్తా, రాసిపెట్టండి. ముందు బ్రేకుకు తెల్లది పెట్టిన బండ్లన్నీ."

ఆయన చెప్పాడు, నేను రాశాను. చాలామంది పేర్లు ఆయనకు తెలియవు. బండి గుర్తులు తెలుసు. ట్యాంకు మీద సొట్ట ఉన్నది, సీటు చిరిగితే చీర అంచుతో కుట్టించుకున్నది, ఇంజను చల్లబడితే దగ్గేది. గుర్తును బట్టి మనిషిని నేను పోల్చుకోగలిగేవాణ్ణి. మొత్తం పదిహేడు బండ్లు తేలాయి. మొదటిది నాది. రెండవదాని యజమాని లేడు. మిగిలిన పదిహేను మా చుట్టూ ఎక్కడో తిరుగుతున్నాయి. వాటిమీద కూర్చున్నవారెవరికీ తాము దేనిమీద కూర్చున్నారో తెలియదు.

అప్పటినుంచి ఆయనకు మరో పని లేకుండా పోయింది. పొద్దున్నే సైకిల్ మీద బయలుదేరేవాడు. ఒకచోట బండి బయటికి వెళ్ళిందని తెలిస్తే, అది తిరిగి వచ్చేదాకా ఆ గుమ్మం ముందే ఎండలో కూర్చునేవాడు. ఒకరింట్లో వాళ్ళు ఆయనను అప్పులవాడని భ్రమపడి తలుపు వేసుకున్నారు. నేను తనిఖీకి వెళ్ళిన పల్లెల్లో ఆ గుర్తుల బండి కనబడితే ఆయనకు కబురు పంపేవాణ్ణి.

తీయడానికి అందరూ ఒప్పుకున్నారని అనుకోకూడదు. కాయల బ్రోకరు దగ్గర జరిగిన మాటలను నేను స్వయంగా విన్నాను.

"ఏమప్పా, నువ్వే పెట్టినావు, నువ్వే తీస్తానంటావు. బండికి సూతకం తెస్తావా?"

"సూతకం వచ్చేది దాన్ని తియ్యకుంటే అన్నా."

"నల్లది పెట్టుకోని నా కూతురు పెండ్లి పనులకు తిరగాల్నా? పోయి సావుకార్ల ఇండ్లలో చెప్పుకో ఈ కతలు."

ఆయన చొక్కా జేబులోని బోల్టు తలకాయను తీసి బ్రోకరు అరచేతిలో పెట్టాడు. బ్రోకరు దాన్ని చూశాడు. అతని ముఖంలో నవ్వు తగ్గింది గాని మాట తగ్గలేదు.

"తియ్యి. అయితే నల్లగా మాత్రం ఉండగూడదు."

ఆయన లోపలికి కేకవేసి, ఆ ఇంటి ఆడవారిని చిటికెడు పసుపు అడిగాడు. దాన్ని నూనెతో కలిపి నల్ల బోల్టు తలకు దట్టంగా పూశాడు. "ఇప్పుడు నల్లగా లేదు కదన్నా" అన్నాడు. బ్రోకరు వంగి చూసి, ఏమీ దొరకక, సరేనన్నాడు. ఆ తరువాత ప్రతి ఇంటికీ ఆయన ఒక చిన్న పసుపు పొట్లాన్ని కూడా వెంట తీసుకుపోయేవాడు.

తీసిన ప్రతి బోల్టునూ షెడ్డుకు తెచ్చి దాగలి మీద చదును చేసేవాడు. కొత్త పనులు రావడం తగ్గింది. జనం ఆయనను "బోల్టు పిచ్చోడు" అన్నారు. పట్టు వర్తకుడు ఆయనను ఒక్క మాట కూడా అనలేదని విన్నాను. షెడ్డు ముందునుంచి వెళ్ళవలసి వస్తే మాత్రం బండి దిగి, నడిపించుకుంటూ, ముఖం అటు తిప్పుకుని పోయేవాడట. ఆయన అప్పుడు పని ఆపి, అతను కనుమరుగయ్యేదాకా నిలబడేవాడట.

రెండేళ్ళు గడిచేసరికి నా కాగితం మీద పదహారు పేర్లకు గీత పడింది. పదిహేడవది దొరకలేదు. ఒక ఉపాధ్యాయుడు ఆ బండిని అమ్మి బదిలీ మీద వెళ్ళిపోయాడు. అతనికి ఉత్తరం రాశాను. యాడికి అనే ఊరి దగ్గర బండలు కోయించే మేస్త్రీ ఒకడు కొన్నాడని జవాబు వచ్చింది. ఆ ఉత్తరాన్ని ఆయనకు చదివి వినిపించిన మరునాడే, తెల్లవారకముందు, నా బండి మీద ఇద్దరం బయలుదేరాము.

అది వేసవి. ఆ ఏడూ, అంతకుముందు ఏడూ వాన లేదు. దారి పొడుగునా చేలు బట్టతలల్లాగా ఉన్నాయి. తాడిపత్రి దాటాక నేల రంగు మారింది. రోడ్డుకు రెండు వైపులా కోసి నిలబెట్టిన బండలు. మేస్త్రీ ఇల్లు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. గుమ్మంలో ఒక ముసలమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది.

"మా వోడా? ఇప్పుడే పాయె. పెండ్లాన్ని, బిడ్డను బండి మీద ఎక్కించుకోని తాడిపత్రి ఆస్పత్రికి పోతాండాడు. అద్దో, ఆ దుమ్ము వాళ్ళదే."

ఆయన వెనుక సరిగ్గా కూర్చోకముందే నేను బండిని తిప్పాను. ఒక మైలు దూరంలో వారు కనిపించారు. మేస్త్రీ తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. వెనుక కూర్చున్న ఆమె భుజం మీద పసిబిడ్డ తల ఊగుతోంది. నేను వేగం పెంచి, చేతిని హారన్ దగ్గరికి పోనిచ్చాను.

ఆయన వెనుకనుంచి నా మణికట్టు పట్టుకున్నాడు.

"కొట్టొద్దు సార్!"

"కొట్టకపోతే ఎలా ఆగుతాడు?"

"కొడితే ఉలిక్కిపడి బ్రేకు పడతాడు. వాడు బ్రేకు పట్టగూడదు."

నా జీవితంలో అంతటి నిస్సహాయమైన అవస్థను నేను ఎరుగను. ఆపవలసిన మనిషి ముందున్నాడు. ఆగమని చెప్పడమే అతనికి ప్రమాదం. పక్కకు వెళ్ళి చెయ్యి ఊపినా, పిలిచినా, అతని వేళ్ళు మొదట చేసే పని ఒక్కటే. మేము చేయగలిగింది, అతనికి తెలియకుండా అతని వెనుక పోవడమే. దొంగల్లాగా పోయాము. అతను వేగం పెంచితే పెంచాము, తగ్గిస్తే తగ్గించాము. రోడ్డు మీదికి ఒక కుక్క వచ్చి, నిలబడి, ఆలోచించి, వెనక్కి వెళ్ళింది. ఆ కొద్దిసేపూ నా భుజం మీద ఆయన వేళ్ళు ఎముకదాకా దిగాయి. ముందు ఆ తల్లి బిడ్డకు ఎండ తగలకుండా కొంగు కప్పుతోంది. మమ్మల్ని చూసి, ఎవరో తెలిసినవారని కాబోలు, ఒకసారి నవ్వింది కూడా.

రోడ్డు దిగుడుకు వచ్చింది. దిగుడు చివర రైలు గేటు. గేటు మూసి ఉంది.

"ముందే చూసినాడా సార్? గేటు చూసినాడా?" అని ఆయన నా చెవి దగ్గర అడిగాడు.

మేస్త్రీ గేటును చూశాడు. దూరం నుంచే ఇంజను ఆపుచేశాడు. బండి దాని బరువుకు అది జారి, కింద చదునుకు వచ్చి నెమ్మదిస్తూ, గేటుకు బారెడు దూరంలో, అతను రెండు కాళ్ళూ నేలకు ఆనించగా ఆగింది. పెట్రోలు ఆదా చేసుకునే పేదవాడి అలవాటు. చేతి బ్రేకు పట్టనే లేదు.

నేను బండి పూర్తిగా ఆపకముందే ఆయన దూకి, పరుగెత్తి, ఆ చక్రం ముందు మోకాళ్ళ మీద పడ్డాడు. మేస్త్రీ బెదిరిపోయాడు.

"ఏయ్, ఎవురప్పా నువ్వు? ఏమి పోగొట్టుకున్యావు ఆడ?"

ఆయన బోల్టు మీద బొటనవేలు పెట్టి, అలాగే కూర్చుండిపోయాడు. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. అక్కడ ఉన్నది నల్ల బోల్టు.

సంగతి అంతా నేను చెప్పవలసి వచ్చింది. మేస్త్రీ తల గోక్కున్నాడు.

"ఓ, ఆ తెల్లదా! పోయిన నెల తాడిపత్రిలో రిపేరుకిస్తే ఆ మెకానిక్కు తీసుకున్యాడన్నా. బాగా మెరుస్తాంది, పెండ్లి బండి ఒకటి వచ్చిండాది, దానికి పెడతా, నీకు పాతది ఇస్తాలే అన్న్యాడు. నాదేం పోయింది, సరే అన్న్యా."

ఆ బిడ్డ తల్లి కొంగు సర్దుకుంటూ మా ఇద్దరి ముఖాలనూ మార్చి మార్చి చూసింది. రైలు వెళ్ళింది. గేటు తెరిచారు. వారు వెళ్ళిపోయారు.

తాడిపత్రిలో ఆ మెకానిక్‌ను పట్టుకోవడం కష్టం కాలేదు. అతను దాచిపెట్టలేదు కూడా. లారీ మీద వచ్చిన కొత్త బండికి, ఎవరో పెండ్లివారు తొందరపెడితే, నగలు పెట్టి పంపించాడు. ఏ ఊరి పెండ్లివారో అడగలేదు. "బోల్టే కదన్నా, దానికి ఊరేంటికి?" అన్నాడు. అతను తప్పు మాట్లాడినట్లు నాకు తోచలేదు. కొన్నాళ్ళ కిందట నేను మాట్లాడినదానికన్నా అందులో అజ్ఞానం తక్కువే.

తిరుగు ప్రయాణంలో సగం దారి దాటాక, పొద్దు వాలుతుండగా, చెట్టు లేని ఒక చోట, నేను బండి ఆపాను. ఆపి, రెండేళ్ళుగా లోపల పెట్టుకున్న వాక్యాన్ని, పాఠం అప్పజెప్పే విద్యార్థిలాగా నిలబడి చెప్పాను.

"ఆ నల్ల బోల్టు తీసెయ్యమన్నది నేను."

"అవును సార్. మీరే" అన్నాడు.

అంత సూటిగా జవాబు వస్తుందని నేను అనుకోలేదు. "కాదు సార్" అంటాడని, ఎక్కడో లోపల, ఆశపడినట్లున్నాను.

"మరి ఇన్నాళ్ళూ ఒక్కమాట అనలేదే?"

"అంటే ఏమొస్తాది సార్? మీరు నోటితో చెప్పినారు. పానా నా చేతిలో ఉండె. మా గురువు చెయ్యేయించుకున్నది మీతో కాదు, నాతో." చల్లగానే అన్నాడు. "మీ వంతు మీకు ఉండాది. దాన్ని నేను మోయల్యాను. నాదాన్ని మీరు మోస్తానంటే నేను ఒప్పుకోను. పదండి, పొద్దు పోతాంది."

మళ్ళీ బయలుదేరాము. సూర్యుడు మాకు ఎదురుగా దిగాడు. ఆ వెలుతురులో, ఎదురుగా వచ్చే ప్రతి బండి ముందు చక్రం దగ్గరా ఏదో ఒకటి మెరిసేది. మెరిసినప్పుడల్లా నా భుజం మీద ఆయన వేళ్ళు బిగిసేవి. నేను వేగం తగ్గించేవాణ్ణి. ఆయన పక్కకు వంగి చూసి, "ఇది కాదు" అనేవాడు. ధర్మవరం చేరేలోగా మూడు బండ్లు అలా దాటిపోయాయి.

నాలుగవదాని హ్యాండిలుకు వాడిన పూలదండ ఉంది. నడిపేవాడు కుర్రవాడు, వెనుక కొత్త చీర కట్టుకున్న అమ్మాయి. వేగంగా వచ్చి, ముఖాన దుమ్ము కొట్టి, మమ్మల్ని దాటి, మేము అప్పుడే ఎక్కి వచ్చిన గుట్ట దిగుడు వైపు వెళ్ళిపోయారు.

"చూసినారా సార్?"

"లేదు. నువ్వు?"

"కనపడల్యా."

ఆయన అడగకముందే నేనే బండిని వెనక్కి తిప్పాను.